ఎడమ మూల నీడ

6,218వ రోజు

ఉదయం గాలి మీటరు 100. పెద్ద తలుపు దగ్గర గాలి నష్టం గంటకు మూడు గుర్తులు, నిన్నటి కంటే ఒకటి ఎక్కువ. నీళ్ల తొట్టి నిండుగా ఉంది. మొలకల అరలు నాలుగూ తడిపాను. మా ఆయన ఆరింటికే తలుపు డ్యూటీకి వెళ్లారు.

కుట్టుబల్ల మీది దీపం మందగించిందని సుభాషిణి చెప్పింది. ఎడమ మూల నీడగా ఉందట. కొత్తది బిగించి, పాతదాన్ని వాపసు పెట్టెలో వేసి చీటీ రాశాను.

ఈ పుస్తకం మా మూడో వరస గాలి లెక్క కోసం ఇచ్చింది, రోజుల అంకె ఆనాటి నుంచే. పన్నెండు ఇళ్ల వాళ్లమూ వంతులు వేసుకుని రాయాలి. ఏడాది తిరక్కుండానే అందరూ నాకు వదిలేశారు. గాలి లెక్కకు నాలుగు గీతలు చాలు, మిగిలిన పేజీ ఖాళీగా ఉంచడం నాకు చేతకాదు. అందుకని ఇంట్లో ఏది ఎప్పుడు మార్చామో, సుభాషిణి ఏ సూటుకు ఏ కుట్టు ఏ రోజు వేసిందో కూడా రాస్తాను. ఆమె నా ఆడపడుచు. బయటి నేల మీదికి వెళ్లేవాళ్లు వేసుకునే గాలి సూట్లు కుడుతుంది. ఎడమ కన్ను పదకొండేళ్ల కిందటే పోయింది. కుడి కంటికి అద్దం మందం నా బొటనవేలంత. గుడ్డను ముక్కుకు రెండంగుళాల దూరంలో పెట్టుకుని కుడుతుంది. ఈ చంద్రుడి మీద ఆమె కుట్టు జారి ఎవరూ పోలేదు.

"నేను తుమ్మినా రాస్తావు కదా వదినా" అంటుంది. తుమ్ములు రాయలేదు. దగ్గు ఒకసారి రాశాను. అది దుమ్ము పట్టే గాలి వల మార్చాల్సిన వారం.

ఈ రోజు 31వ సూటు కుడి చెయ్యి పూర్తయింది.

6,219వ రోజు

మీటరు 100. తలుపు నష్టం మూడు.

కళ్ల ముందు నల్ల పోగులు తేలుతున్నాయని సుభాషిణి అంది. సూటు గుడ్డ కత్తిరించినప్పుడల్లా నూలు దుమ్ము లేస్తుంది. గాలి వల విప్పి దులిపి కడిగాను. అరచెయ్యి నిండా దుమ్ము వచ్చింది. 31వ సూటు మెడ పట్టీ పూర్తయింది.

6,220వ రోజు

మీటరు 100. నష్టం నాలుగు.

బల్ల దగ్గర ఉండుండి చిన్న చిన్న మెరుపులు వస్తున్నాయట. తీగ వదులై నిప్పురవ్వలు లేస్తున్నాయేమోనని కరెంటు వాళ్లకు ఫిర్యాదు పెట్టాను. మనిషి వచ్చి చూశాడు. తీగ బాగానే ఉందన్నాడు. ఎందుకైనా మంచిదని బిగించి వెళ్లాడు. 31వ సూటు ఎడమ భుజం పూర్తయింది. మామూలుగా మూడు గంటల పని, ఐదు గంటలు పట్టింది.

6,221వ రోజు

మీటరు 100. నష్టం నాలుగు.

కొత్త దీపమూ మందగించిందంది. నీడ ఇప్పుడు బల్ల సగానికి వచ్చిందట. ఆమెను లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. అద్దాలు తుడుచుకుని ఎడమ మూలకేసి చూశాను. నీడ లేదు. సూది కన్ను కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

గోడవైపు తిరగమన్నాను. తిరిగింది. నీడ ఇప్పుడెక్కడుందని అడిగాను.

"నాతోపాటే తిరిగింది" అంది.

దీపం నీడ మనిషితోపాటు తిరగదు. మెరుపులు, పోగులు, నీడ. మూడూ నా చేతులతోనే వరసగా రాసుకున్నాను. వల కడిగాను, తీగ బిగించాను, దీపం మార్చాను. ఆమె కంటికేసి మాత్రం చూడలేదు.

సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టర్ ఇమ్మానుయేల్ గారు చాలాసేపు చూశారు. సుభాషిణిలా ఇక్కడ పుట్టిన పిల్లల చూపు వరస చివరి గోడ వరకే వెళ్తుంది, నలభై అడుగులు. దగ్గరే చూసీ చూసీ కన్ను పొడవుగా పెరుగుతుందని ఆయన అందరికీ చెప్పేదే నాకూ చెప్పారు. లోపలి పొర మాత్రం పెరగదు. చిన్న పిండిముద్దను పెద్ద పెనమంతా పరిస్తే ఏమవుతుంది, పల్చబడి అంచున చిరుగుతుంది. చిరుగులోంచి నీరు దూరి ఆ పొరను గోడ నుంచి ఊడదీస్తోంది. సుభాషిణికి అది నడిమి దాకా ఊడింది.

"ఎప్పటినుంచి ఉందమ్మా నీడ?" అని అడిగారు.

ఈ మధ్యనే అన్నాను. పుస్తకం నా సంచిలోనే ఉంది.

మొదటి రోజే వస్తే నడిమి భాగం అతికే ఉండేదని, చూపు దాదాపు పూర్తిగా నిలిచేదని ఆయన మామూలు గొంతుతోనే చెప్పారు.

6,222వ రోజు

మీటరు 100. నష్టం ఐదు. ఆపరేషన్ మూడు గంటలు.

కంటి తెల్లగుడ్డులో సూదిమొన అంత రంధ్రాలు మూడు పెట్టి, లోపలి జిగురు తీసేసి, పొరను గోడకు ఆనించి, చిరుగు చుట్టూ లేజర్‌తో చుక్కలు పెట్టారు. కన్ను చుట్టూ సన్నని రబ్బరు పట్టీ బిగించారు. చుక్కలు అతుక్కునేదాకా పొరను నొక్కి ఉంచాలి కాబట్టి కంటి నిండా గ్యాస్ నింపారు. గ్యాస్ బదులు నూనె కూడా పోయొచ్చట. నూనె నిల్వ పోయిన నెలలో అయిపోయింది.

బుడగ పైకి లేస్తుంది. అది కంటి వెనక గోడను నొక్కాలంటే మనిషి బోర్లా పడుకోవాలి. భూమి మీద ఏడు రోజులు చాలట. ఇక్కడ బరువు తక్కువ, బుడగ లేచే బలమూ తక్కువ. పద్నాలుగు రోజులు. గంటలో యాభై నిమిషాలు బోర్లా, పది నిమిషాలు తల వంచుకుని కూర్చోవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పారు. గ్యాస్ ఉన్నన్నాళ్లు చుట్టూ గాలి ఒత్తిడి పడిపోకూడదు. బయట ఒత్తిడి తగ్గితే లోపల బుడగ ఉబ్బి కంటికి రక్తం అందకుండా చేస్తుంది. తలుపు సరిచేయడానికి వరసల్లో ఒత్తిడి తగ్గించే నెలవారీ గాలి దింపు ఎప్పుడని అడిగారు. ఇంకా ఇరవై నాలుగు రోజులుందని చెప్పాను. అతుకు గట్టిపడడానికి రెండు వారాలు చాలు, ఆ తరవాత బుడగ మిగిలినా సూదితో తీసేయొచ్చన్నారు. అది పుస్తకంలో ఉన్న మాటే.

6,224వ రోజు

మీటరు 100. నష్టం ఏడు.

మా ఆయన కుట్టుబల్ల పలకకు మొహం పట్టేంత కన్నం కోశారు. అంచుకు సూటు లోపలి మెత్తటి గుడ్డ చుట్టాను. సుభాషిణి దాని మీద బోర్లా పడుకుంటుంది. కుడి కంటికి కట్టు, ఎడమ కన్ను ఎలాగూ లేదు. అంతా చీకటే. బల్ల కింద నేలమీద నేను కూర్చుంటే మా మొహాలు ఎదురెదురుగా ఉంటాయి. గొట్టంతో గంజి తాగిస్తాను.

"పెనం మీద తిరగేసిన దోసెలా ఉన్నాను. రెండోవైపు కాలిందో లేదో చూడు వదినా."

బోర్లా ఉన్నది: ఇరవై గంటలు. చుక్కల మందు: ఆరుసార్లు. తల ఎత్తింది: ఒకసారి, దగ్గు వచ్చి.

6,226వ రోజు

మీటరు 99. నష్టం పదకొండు.

మధ్యాహ్నం కబురు వచ్చింది. పెద్ద తలుపు రబ్బరు చీలుతోంది. గాలి దింపు నెలాఖరుకు కాదు, 6,229న. వరసలన్నిటా మీటరు 68కి దింపి, ఆరు గంటల్లో రబ్బరు మార్చి మళ్లీ ఎక్కిస్తారు. మామూలు రోజుల్లో అయితే ఆ ఆరు గంటలూ తలనొప్పి అంటూ అందరం పడుకుంటాం.

వరస పెద్ద పోలినాయుడు గారి దగ్గరికి వెళ్లాను. సంగతి చెప్పాను. ఒక్క వారం ఆపమన్నాను. ఆయన కాదనలేదు. నా పుస్తకం నకలు తెచ్చి నా ముందు పెట్టారు. రెండు, మూడు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు.

"వారం తరవాత ఈ గడిలో ఎంత రాస్తావో నువ్వే చెప్పమ్మా. నువ్వు ఆపమంటే ఆపుతాను" అన్నారు.

పుస్తకంలో ఇన్నేళ్లు తప్పు అంకె వెయ్యలేదు. ఆపమని అనలేకపోయాను. ఆ తలుపు వెనక వరసల్లో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆసుపత్రికీ ఇదే గాలి, వేరే గది లేదు. మీటరు 68కి దిగితే బుడగ ఒకటికి ఒకటిన్నర అవుతుంది. ముందే సూదితో గ్యాస్ తీసేయొచ్చు. తీస్తే, నాలుగు రోజుల వయసున్న అతుకు నిలవదు. మరోసారి అతికించడానికి పొరలో బలం ఉందని ఆయన అనుకోవడం లేదు.

6,227వ రోజు

మీటరు 99. నష్టం పదమూడు.

పొద్దున సుభాషిణికి చెప్పాను. తరవాత బల్ల కన్నంలోంచి అడిగింది, దింపు రోజు చుట్టూ మీటరు ఎంత ఉంటుందని. 68 అన్నాను.

"సూటు ఊదితే చుట్టూ ఉన్నదానికంటే ముప్పై రెండు ఎక్కువ నిలుస్తుంది. నేను కుట్టేదే ఆ కొలతకి. రెండూ కలిపితే నూరు."

నాకు తట్టలేదు. పదిహేనేళ్లుగా ఆ అంకె ప్రతి సూటు చీటీ మీదా నా చేత్తోనే రాస్తున్నాను.

డాక్టర్ గారిని అడిగితే కాగితం మీద లెక్క వేసుకుని, సూటు లోపలి ముల్లు 90 కంటే కిందికి రాకపోతే కన్ను తట్టుకుంటుందన్నారు. హెల్మెట్‌తో బోర్లా ఉండాలి. సూటు సంగతి మీరే చూసుకోవాలి అన్నారు.

తలుపు పనికి సూట్లన్నీ వెళ్తున్నాయి. మిగిలింది 31. కొత్తగా చేరిన పొట్టి అమ్మాయి కొలతకు కుట్టింది, సుభాషిణికీ సరిపోతుంది. పరీక్ష మాత్రం కాలేదు. సిలిండర్ ఒక్కటే ఇస్తారు. అది ఆరు గంటల ఊపిరికే. కుట్టు కారితే నింపడానికి మిగులు ఉండదు.

"పుస్తకం చదువు వదినా. 31కి ఏ కుట్టు ఏ రోజు వేశానో."

చదివాను. 6,212న కాళ్లు. 6,215న నడుము. 6,217న వీపు. తరవాత పేజీ తిప్పి ఆపరేషన్ రోజు చదవబోయాను.

"ఆగు. పదిహేడు నుంచి ఇరవై రెండుకి దూకావు. నువ్వు పేజీ ఖాళీగా వదిలే మనిషివి కాదు."

బల్ల కింద నేలమీద ఉన్నాను. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది, కట్టుతో. ఆ నాలుగు రోజులూ చదివాను. దీపం మార్చింది, వల కడిగింది, తీగ బిగించింది, ఒక్క ముక్క వదలకుండా చదివాను. డాక్టర్ అడిగితే ఈ మధ్యనే అన్న సంగతి పుస్తకంలోనే ఉంది, అదీ చదివాను. మొదటి రోజే వస్తే చూపు నిలిచేదన్న మాట కూడా.

చదివాక మొలకల అర కింద నీళ్ల బొట్లు పడడం వినిపించింది. ఇక్కడ నీళ్లు మెల్లగా పడతాయి. నాలుగు బొట్లు లెక్కపెట్టాను.

"దీపం అని చెప్పింది నేను. మార్చింది నువ్వు" అంది చివరికి. "అయినా నాకు కోపంగానే ఉంది వదినా. కోప్పడ్డం తరవాత. ముందు చెప్పు, ఆ నాలుగు రోజుల్లో ఏమేం కుట్టాను?"

కుడి చెయ్యి, మెడ పట్టీ, ఎడమ భుజం.

"మూడూ విప్పు."

6,228వ రోజు

మీటరు 98. నష్టం పదహారు.

నిన్న మధ్యాహ్నం నుంచి ఈ సాయంత్రం వరకు కుట్టాను. నేను దుప్పట్లకు అతుకు వేసే మనిషిని. సూటు గుడ్డ మూడు మడతలు, సూది దిగదు. అంగుళానికి పద్దెనిమిది కుట్లు. ప్రతి నాలుగంగుళాలకూ బల్ల కిందికి తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. బోర్లా పడుకునే బొటనవేలి గోరుతో కుట్టు వెంట గీసుకుంటూ పోయేది.

"ఇక్కడ ఒకటి వదులు." చూస్తే వదులే.

"ఇక్కడ దారం మెలిక." చూస్తే మెలికే.

"ఇది ఎవరు కుట్టారు? అన్నయ్యేనా?"

నేనే అన్నాను. అన్నయ్యే నయం అంది.

మెడ పట్టీ రెండుసార్లు విప్పాను. విప్పిన పాత కుట్లను కూడా వేలితో తడిమి చూసింది. మొదటి రెండు రోజులవీ బాగానే ఉన్నాయి. ఎడమ భుజం కుట్టు అరచెయ్యి వెడల్పు మేర పక్కకు జరిగి ఉంది. ఆ ముక్కను కాసేపు చేతిలోనే పట్టుకుంది. పారేయమనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం సూటు ఊది సబ్బు నీళ్లు రాశాం. మా ఆయన దీపం పట్టుకున్నారు. భుజం దగ్గర ఏమీ లేదు. కుడి చంకలో, బాగా వచ్చిందని నేను మురిసిన చోట, ఆవగింజంత బుడగ లేచింది. విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ సబ్బు నీళ్లు. లేదు.

6,229వ రోజు

దింపు మొదలు: ఉదయం 8.

8.00. వరస మీటరు 98. సూటు 100. సిలిండర్ నిండుగా ఉంది. సుభాషిణి హెల్మెట్‌తో బల్ల మీద బోర్లా. మాట వినపడదు. ఒకసారి తడితే బాగుంది, రెండుసార్లు తడితే నొప్పి అని గుర్తు పెట్టుకున్నాం.

8.30. వరస 81. సూటు 100. ఒకసారి తట్టింది.

9.00. వరస 68. సూటు 100. సూటు బిర్రుగా ఉబ్బింది, వేళ్లు ముడవలేకపోతోంది. మోచేత్తో తట్టింది, ఒకసారి.

10.00. సూటు 99. నా తల పగులుతోంది.

11.00. సూటు 98. సిలిండర్ సగం. ఒకసారి తట్టింది.

11.30. సూటు 96. ఎక్కడో కారుతోంది. సబ్బు నీళ్ల గుడ్డతో అన్ని కుట్లూ తుడిచాను. నా కుట్లు కావు. కుడి మణికట్టు దగ్గర చేతితొడుగు ఉంగరం. రబ్బరు పాతది. నా చీర కొంగు చింపి తడిపి, ఏడు చుట్లు చుట్టి, రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.

12.00. కుడి చెయ్యి వదల్లేను. ఎడమ చేత్తో రాస్తున్నాను. 95.

12.30. 94. రెండుసార్లు తట్టింది. కాసేపటికి ఒకసారి తట్టింది. ఏది నమ్మాలో తెలియలేదు.

1.00. 93.

1.30. 92. సిలిండర్ ముల్లు ఎర్రగీత మీద.

1.40. వరస మీటరు 70. ఎక్కుతోంది. రబ్బరు ఇరవై నిమిషాలు ముందే వేసేశారు.

2.15. వరస 98. హెల్మెట్ తీశాను. మొహం మీద బల్ల అంచు గుర్తు, చెమట. కొంగు ఎందుకు చిరిగిందని అడిగింది.

తలుపు నష్టం: సున్నా.

6,230వ రోజు

డాక్టర్ గారు కట్టు విప్పి చూశారు. పొర కదల్లేదు. డాక్టర్ గారూ, నీడ ఈ మధ్యది కాదు, 6,218న మొదలైంది అని చెప్పి పుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆయన నాలుగు పేజీలూ చదివారు. ఆ పేజీల నకలు ఇవ్వగలరా, వరసల్లో అందరికీ చదివి వినిపిస్తాను, పేర్లు తీసేస్తాను అన్నారు. సుభాషిణి పేర్లు ఉంచమంది.

6,236వ రోజు

మీటరు 100. పద్నాలుగు రోజులూ పూర్తి. బోర్లా ఉన్నది మొత్తం రెండు వందల డెబ్బై తొమ్మిది గంటలు. సుభాషిణి నా భుజం పట్టుకుని లేచి నిలబడింది.

6,241వ రోజు

కంట్లో బుడగ సగానికి తగ్గింది. గ్లాసులో నీటిమట్టంలా ఒక గీత ఊగుతోందట. దాని పైన మనుషులు కనిపిస్తున్నారట. నన్ను దగ్గరికి రమ్మని, రెండంగుళాల దూరం నుంచి చూసింది.

"ముసలిదానివైపోయావు వదినా" అంది. తరవాత, "ఇప్పుడు కోప్పడతాను" అంది.

6,242వ రోజు

మీటరు 100. సుభాషిణి మాట్లాడలేదు.

6,243వ రోజు

మీటరు 100. మాట్లాడలేదు.

6,244వ రోజు

మీటరు 100. పప్పులో ఉప్పు తక్కువైందంది.

6,255వ రోజు

బుడగ పూర్తిగా పోయింది. పరీక్షలో పెద్ద అక్షరాల వరసలు మూడు చదివింది. మొహాలు గుర్తుపడుతోంది, అన్నం తానే పెట్టుకుంటోంది. గీతలు మాత్రం నడుమ వంగి కనిపిస్తున్నాయి. అది ఇక బాగుపడదని డాక్టర్ గారు చెప్పారు. సూదికి దారం ఎక్కించబోయి, మూడుసార్లు తప్పాక సూదిని దిండులో గుచ్చి పక్కన పెట్టింది.

కుట్టుకు కొత్త మనిషిని వేశారు. కుట్టిన ప్రతి సూటూ మా ఇంటికి వస్తుంది. సుభాషిణి కళ్లు మూసుకుని గోటితో తడిమి చూశాకే బయటికి వెళ్తుంది. ఈ వారం నాలుగు సూట్లలో రెండు వెనక్కి పంపింది. వాటిలో మొదటిది, నేను సరదాగా చెయ్యి కుట్టిన సూటు.

6,263వ రోజు

మీటరు 100. నష్టం సున్నా. నీళ్ల తొట్టి నిండుగా ఉంది.

పదకొండింటికి మొలకల అర సర్దుతున్నాను. బల్ల దగ్గర్నుంచి పిలిచింది.

"వదినా, దీపం మందగించింది. ఎడమ మూల నీడగా ఉంది."

చేతిలో పళ్లెం జారింది. అది నేలను తాకేలోపే నేను బల్ల దగ్గరున్నాను. గోడవైపు తిరగమన్నాను. తిరిగింది. నీడ ఎక్కడుందని అడిగాను. తల మెల్లగా అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నాతో రాలేదు. బల్ల దగ్గరే ఉండిపోయింది" అంది.

ఆమెను లేపి కుర్చీలో నేను కూర్చున్నాను. తరవాత మా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాను. ఆయన అద్దాలు తుడుచుకుని మరీ చూశారు.

కుట్టుబల్ల దీపం, ఎడమ మూల నీడ. ముగ్గురం చూశాం. దీపమే. మార్చాను.